పదునుకు రేడియో కొలత



ఇప్పుడు నా మాట మీ చెవిని పడుతున్నదంటే దానిని మోసుకొని వస్తున్నది రేడియో అల. గాలిలో దానికి అడ్డు లేదు. చెట్లు దాటుతుంది, ఇంటి కప్పులు దాటుతుంది, పొలం గట్టు మీద పెట్టుకొన్న సెట్టులోకి వచ్చి పలుకుతుంది. అదే అల నీటిలోకి దిగితే ఏమవుతుంది? ఈ సంగతి ముచ్చటించుకొందాం. నీటిలో అల ఎట్లా పోతే మనకేమిటి, మన పంటకేమిటి అని మీరు అడగవచ్చు. అడగవలసిన మాటే. నీరు రేడియో అలను ఆపి ఆపి నడిపిస్తుంది. ఎంత ఆలస్యం చేసిందో కొలిస్తే మట్టిలో ఎంత పదునున్నదో తెలిసిపోతుంది. ఈ కొలతను ఆధారం చేసికొని పైరుకు ఏనాడు తడి పెట్టాలో, ఏనాడు మోటారు కట్టివేయాలో నిర్ణయించుకొనే పద్ధతి వచ్చింది. అది ఎట్లా పనిచేస్తుందో, ఎక్కడ నమ్మవచ్చునో, ఎక్కడ నమ్మరాదో ఈ పూట చెప్పుకొందాం.

ముందు నీటి సంగతి. నిండు బాల్చీలో కర్ర నిలబెట్టి చూడండి. నీటి మట్టం దగ్గర కర్ర విరిగినట్టు కనబడుతుంది. కర్ర విరగలేదు. గాలిలో కంటె నీటిలో వెలుగు కొంచెం నెమ్మదిగా నడవడం వల్ల ఆ చోట వంపు తిరుగుతుంది. వెలుగూ, రేడియో అలా ఒక జాతివే. గాలిలో రెండింటి వేగమూ సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. నీటిలో వెలుగు వేగం అందులో నాలుగింట మూడు వంతులకు తగ్గుతుంది. రేడియో అల వేగమో, ఏకంగా తొమ్మిదో వంతుకు పడిపోతుంది. అంటే సెకనుకు సుమారు 33 వేల కిలోమీటర్లే.

ఎందుకింత తేడా? నీటి అణువులో ఒక కొసన ధన విద్యుత్తు, మరొక కొసన ఋణ విద్యుత్తు ఉంటుంది. రేడియో అల వచ్చినప్పుడల్లా ఈ అణువులన్నీ దానికి అనుగుణంగా అటూ ఇటూ తిరుగుతాయి. నిండు సంతలో ప్రతివాడూ పలకరిస్తుంటే మనిషి తొందరగా నడవలేడు గదా, అట్లాగే అల నడక మందగిస్తుంది. వెలుగు అలలు మరీ త్వరత్వరగా ఊగుతాయి కనుక ఆ ఊపుకు నీటి అణువు తిరగలేదు. అందుకే వెలుగుకు ఆలస్యం తక్కువ.

ఈ సంగతి నిన్న మొన్న తెలిసినది కాదు. 1890ల దశకంలోనే జర్మనీలో పాల్ డ్రూడే అనే శాస్త్రజ్ఞుడు నీటిలోను, ఇతర ద్రవాలలోను విద్యుత్ అలలు నడిచే తీరును కొలిచాడు. ఆ రోజులలోనే మన దేశంలో, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో, జగదీశ్ చంద్ర బోస్ గారు గంధకంలోను గాజులోను రేడియో అల ఎంత వంగుతుందో కొలిచారు. తరువాత మొక్కల మీద పరిశోధనకు దిగిన బోస్ గారు ఆయనే.

ఇప్పుడు మట్టి దగ్గరికి వద్దాం. ఒక పదార్థం అలను ఎంత నెమ్మది చేస్తుందో చెప్పడానికి ఒక అంకె ఉన్నది. దానిని డైఎలక్ట్రిక్ స్థిరాంకం అంటారు. పేరు పెద్దది గాని సంగతి చిన్నది. గాలికి ఈ అంకె 1. ఎండిన మట్టికి 3 నుంచి 5. నీటికి 80. ఈ మూడంకెలు గుర్తు పెట్టుకోండి చాలు. మట్టిలో ఇసుక ఉంటుంది, బంకమన్ను ఉంటుంది, గాలి ఉంటుంది, నీరు ఉంటుంది. అన్నింటిలోకి నీటిదే పెద్ద అంకె. కావున మట్టిలో నీరు కొంచెం పెరిగినా మొత్తం అంకె బాగా పెరుగుతుంది, అల నడక బాగా తగ్గుతుంది.

1980లో కెనడా దేశంలో టాప్, డేవిస్, అన్నన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు రకరకాల నేలలు తీసికొని, ఎంత నీటికి ఎంత అంకె వస్తుందో కొలిచి ఒక సూత్రం ప్రకటించారు. చాలా మామూలు నేలలకు ఆ ఒక్క సూత్రమే సరిపోయింది. నేటికీ ఆ సూత్రమే ఈ పద్ధతికి మొదటి మెట్టు.

కొలిచే విధానం చూడండి. పాడుబడిన బావిలోకి కేక వేస్తే కొంచెం సేపటికి ప్రతిధ్వని వస్తుంది. బావి లోతైతే ఆలస్యంగా వస్తుంది. ఈ పరికరం చేసే పని అదే. టెలిఫోను, విద్యుత్తు కేబుళ్ళలో తీగ ఎక్కడ తెగిందో కనుక్కోవడానికి ఇటువంటి పరికరమే వాడతారు. దానిని పొలానికి తెచ్చారు. రెండు మూడు స్టీలు కడ్డీలు మట్టిలో గుచ్చుతారు. పరికరం నుంచి ఒక విద్యుత్ పోటు ఆ కడ్డీల వెంట పోతుంది, కడ్డీల కొస తగిలి వెనక్కు వస్తుంది. పోయి వచ్చిన కాలాన్ని పరికరం లెక్కకడుతుంది.

ఆ కాలం ఎంతటిది? గాలిలో రేడియో అల ఒక అడుగు దూరం పోవడానికి పట్టే కాలం సెకనులో నూరు కోట్లవ వంతు. దానినే నానోసెకను అంటారు. కడ్డీల పొడవు 20 సెంటీమీటర్లనుకోండి. పోను, రాను 40 సెంటీమీటర్లు. గాలిలో ఉంటే ఈ ప్రయాణానికి ఒకటింబావు నానోసెకనుకు కొంచెం పైన పడుతుంది. ఆ కడ్డీలే పూర్తిగా నీటిలో ఉంటే 12 నానోసెకన్లు పడుతుంది. మట్టిలో 4 నానోసెకన్లు పట్టిందంటే, టాప్ గారి సూత్రం ప్రకారం ఆ మట్టిలో ఘనపరిమాణాన్ని బట్టి నూటికి సుమారు 17 పాళ్ళు నీరున్నది. 5.3 నానోసెకన్లు పడితే నూటికి 29 పాళ్ళు. 6.7 పడితే 40 పాళ్ళు. ఈ లెక్కలన్నీ మీరు వేయనక్కర లేదు. పరికరమే వేసి అంకె చూపిస్తుంది. ఆ అంకె గాలిలోంచి ఊడిపడలేదని మీకు తెలియాలని ఇదంతా చెప్పినాను.

మా తాతల నాటినుంచి పిడికెడు మట్టి తీసి పిసికి చూచి పదును చెబుతున్నాము, ఈ కడ్డీలెందుకు అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. ఆయన మాట కొట్టివేయదగ్గది కాదు. చేతి పరీక్ష మంచిదే. ఉండ కట్టిన మట్టి విడిపోతుందా, వేలికి తడి అంటుతుందా అని చూచే రైతుకు పైపొర సంగతి తెలుస్తుంది. అయితే జానెడు లోతు కింద, మూరెడు లోతు కింద ఏమున్నదో రోజూ తవ్వి చూడలేము గదా! వేరు నీరు తాగేది అక్కడ. కొలత అవసరం అక్కడ.

ఇక అన్నిటికన్న ముఖ్యమైన మాట. పరికరం చూపిన అంకె ఒక్కటే, నేలను బట్టి దాని అర్థం మారిపోతుంది. ఎర్ర చెలక నేలలో బాగా తడిపి ఒకటి రెండు రోజులు ఆరనిస్తే నిలిచే నీరు నూటికి సుమారు 18 పాళ్ళు. అది సుమారు 8 పాళ్ళకు దిగితే మొక్క ఇక నీరు పీల్చలేదు, వాడిపోతుంది. నల్లరేగడిలోనో, నిలిచే నీరు 40 పాళ్ళ దాకా ఉంటుంది. 20 పాళ్ళ పైన ఉండగానే మొక్క వాడుముఖం పడుతుంది, ఎందుకంటే ఆ నీటిని బంకమన్ను గట్టిగా పట్టుకొని వదలదు. చూచారా! 20 అనే అంకె చెలక నేలలో కడుపు నిండినట్టు, రేగడిలో దప్పికతో నాలుక పిడచకట్టినట్టు. పక్క ఊరి రైతు పరికరంలో 20 చూచి తడి మానివేశాడు, నేనూ మానివేస్తానంటే పైరు పోతుంది. ఏ నేలకు ఆ నేల హద్దులు ముందు తెలిసికోవాలి.

ఒక లెక్క చూద్దాం. ఎకరం చెలకలో వేరుశనగ వేశారు. బోరు గంటకు 10,000 లీటర్లు పోస్తుంది. పైన చెప్పిన హద్దులే అనుకొందాం. నిండుగా ఉంటే 18, వాడే హద్దు 8. మధ్యనున్న 10 పాళ్ళే పైరుకు పనికివచ్చే నీరు. అందులో సగం వాడుకొన్న తరువాత, అంటే పరికరం 13 చూపినప్పుడు, తడి పెట్టాలని నిర్ణయించుకొన్నాం. నింపవలసినది 5 పాళ్ళు. పై 30 సెంటీమీటర్ల మట్టిలో 5 పాళ్ళంటే ఒకటిన్నర సెంటీమీటర్ల నీరు. ఎకరానికి సుమారు 60,000 లీటర్లు. బోరు 6 గంటలు నడిస్తే చాలు. తుంపర్ల పద్ధతిలో గాలికి పోయేదానికి మరికొంత కలుపుకోండి. ఇదేమీ చూడకుండా కరెంటు ఉన్నది గదా అని 10 గంటలు వదిలితే, మిగిలిన 40,000 లీటర్లు ఏమవుతాయి? వేరుకు అందకుండా కిందికి దిగిపోతాయి. ఊరికే దిగవు. మీరు వేసిన యూరియాను కూడా కరిగించుకొని పోతాయి.

ఆ 40,000 లీటర్లు మరొకనాటి తడికి మూడింట రెండు వంతులు. బోరు ఎండుముఖం పట్టే రోజులలో వేరుశనగకు ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు తడి అందకపోతే ఏమి జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర లేదు. తీగ పచ్చగా ఉంటుంది, పీకి చూస్తే తప్పకాయలు. ముందు రోజులలో వృథా అయిన నీరే ఆ రోజున కరవైన నీరు. ఒక ఊరిలో పది బోర్లు ఒకే రాతి పగులులోని నీటిని తాగుతున్నప్పుడు, ఒకరు వృథా చేసినది పదిమంది బావుల లోంచి పోయినట్టే.

ఇక కడ్డీలు పెట్టే పద్ధతి. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. మట్టికీ కడ్డీకీ మధ్య సందు ఉండరాదు. సందులో గాలి ఉంటే దాని అంకె 1 గదా, పరికరం ఉన్న నీటి కంటె తక్కువ చూపిస్తుంది. వానపడి ఆ సందులో నీరు నిలిస్తే ఉన్నదాని కంటె ఎక్కువ చూపిస్తుంది. ముందు గునపంతో పెద్ద బొక్క చేసి, అందులో కడ్డీలు దింపి, చుట్టూ మట్టి కూరడం పనికిరాదు. గట్టి నేల అయితే చిన్న గుంట తీసి, గుంట గోడలోని కదలని మట్టిలోకి కడ్డీలను అడ్డంగా నొక్కి గుచ్చాలి. తరువాత తీసిన మట్టిని పొర వరుసలోనే పూడ్చాలి. నల్లరేగడి ఎండినప్పుడు పగులు ఇస్తుంది. పగులు కడ్డీ మీదుగా పోయిందా, ఆ కొలత నమ్మరాదు.

రెండు లోతులలో పెట్టండి. ఒకటి 15 సెంటీమీటర్ల లోతున, రెండవది 45 సెంటీమీటర్ల లోతున. పైది తడి ఎప్పుడు పెట్టాలో చెబుతుంది. కిందిది తడి ఎప్పుడు ఆపాలో చెబుతుంది. తడి పెట్టిన ప్రతిసారీ కింది అంకె గబగబ పెరుగుతున్నదంటే మీరు నీరు ఎక్కువ పెడుతున్నారన్న మాట. బిందుసేద్యంలో డ్రిప్పరు సరిగ్గా కింద పెట్టరాదు, బొత్తిగా దూరంగానూ పెట్టరాదు. వేళ్ళున్న చోట, తడి అంచుకు లోపల పెట్టాలి. గట్టు పక్కన, చెట్టు నీడన, నీరు నిలిచే పల్లంలో పెట్టిన కొలత పొలం మొత్తానికి పనికిరాదు.

చౌడు నేలలున్న రైతులు మరింత జాగ్రత్తగా ఉండాలి. మట్టిలో ఉప్పు ఎక్కువైతే అల నెమ్మదించడమే కాక అణగారిపోతుంది. కడ్డీ కొసనుంచి తిరిగి రావలసిన ప్రతిధ్వని పరికరానికి వినబడదు. బజారులో తక్కువ ధరకు దొరికే పరికరాలు చాలా వరకు కాలాన్ని కొలవవు, మరొక విద్యుత్ పద్ధతిలో అదే అంకెను అంచనా వేస్తాయి. ఉప్పుకూ, వేడికీ అవి ఇంకా ఎక్కువగా తడబడతాయి. అందువల్ల అవి వద్దని కాదు. వాటిని మీ నేలకు సరిచూసుకొని వాడాలి.

సరిచూసే పద్ధతి తేలిక. విస్తరణ సిబ్బంది ఇది తప్పక చేయించాలి. 100 ఘనపు సెంటీమీటర్లు పట్టే చిన్న గొట్టాన్ని, కడ్డీలున్న లోతులోనే, కొంచెం పక్కన మట్టిలోకి దింపి, నిండుగా మట్టి తీయండి. వెంటనే తూచండి. 168 గ్రాములున్నదనుకోండి. దానిని భూసార పరీక్షా కేంద్రంలో 105 డిగ్రీల వేడిమి గల ఓవెనులో ఒక రోజు ఆరబెట్టి మళ్ళీ తూచండి. 150 గ్రాములు తూగింది. పోయిన 18 గ్రాములూ నీరే. 100 ఘనపు సెంటీమీటర్ల మట్టిలో 18, అంటే నూటికి 18 పాళ్ళు. పరికరం కూడా 18కి దగ్గరగా చూపితే సంతోషం. 14 చూపితే ఆ తేడా రాసిపెట్టుకోవాలి. తడిగా ఉన్నప్పుడొకసారి, ఆరినప్పుడొకసారి, నడిమిన ఒకసారి ఇట్లా చూస్తే ఆ నేలకు ఆ పరికరం ఎంత నిజం చెబుతుందో తేలిపోతుంది.

ఇప్పుడు మరొక హెచ్చరిక. రేడియో అలలతో భూమిలో నీరు చూచి బోరు పాయింటు పెడతామని చేతిలో చిన్న యంత్రం పట్టుకొని ఎవరైనా వస్తే, వెంటనే డబ్బు ఇవ్వకండి. అల నీటిలో ఎట్లా నడుస్తుందో ఇంతసేపు విన్నారు గదా, ఆ తెలివితోనే ఆలోచించండి. పొట్టి అలలు తడి బంకమట్టిలో కొద్ది మీటర్లు పోయేసరికే అణగిపోతాయి. 300 అడుగుల కిందికి పోయి తిరిగి రావడం వాటి వల్ల కాదు.

సముద్రం సంగతి చూడండి. రేడియోలో మీడియం వేవ్ అల సెకనుకు సుమారు 10 లక్షల సార్లు ఊగుతుంది. ఉప్పునీటిలో అది ప్రతి పాతిక సెంటీమీటర్లకూ మూడో వంతుకు తగ్గిపోతుంది. ఒక మీటరు లోతుకు పోయేసరికి యాభయ్యో వంతు కూడా మిగలదు. అందుకే మర పడవల మీద పోయే మన మత్స్యకారులు నీటిలోని చేపల గుంపును కనిపెట్టడానికి రేడియో అలను కాక ధ్వని అలను వాడతారు. జలాంతర్గాములకు కబురు పంపడానికి నౌకాదళం వారు చాలా పొడవైన అలలను ఎన్నుకొన్నారు. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్ కేంద్రం 1990 నుంచి ఆ పనిలో ఉన్నది. అటువంటిదే మరొక కేంద్రానికి మన వికారాబాదు జిల్లా దామగుండంలో 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. అంత పొడవైన అల కూడా సముద్రంలో సుమారు ప్రతి రెండు మీటర్లకు మూడో వంతుకు తగ్గుతుంది.

ఆ పొడవాటి అలలను ఆధారంగా చేసికొని రాతిలో పగుళ్ళ జాడ తీసే శాస్త్రీయ పద్ధతి ఒకటి లేకపోలేదు. కాని అది పగులు ఉండవచ్చునని మాత్రమే చెబుతుంది, నీరున్నదని హామీ ఇవ్వదు. మామూలుగా భూగర్భ జల శాస్త్రజ్ఞులు కడ్డీలు పాతి, భూమిలోకి కరెంటు పంపి, నిరోధం కొలిచి చూస్తారు. వారు కూడా తప్పక పడుతుందని ఒట్టు పెట్టరు. యంత్రం చూపి, ఇన్ని అంగుళాల నీరు ఖాయమని ఒట్టు పెట్టేవాడి దగ్గర జాగ్రత్త పడండి. ఎండిన బోరుకు పెట్టిన అప్పు వాడు తీర్చడు.

ఇదే సూత్రం ఆకాశం నుంచి కూడా పనిచేస్తున్నది. 2009 నవంబరులో ఐరోపా వారు స్మాస్ అనే ఉపగ్రహాన్ని, 2015 జనవరిలో అమెరికా వారు స్మాప్ అనే ఉపగ్రహాన్ని నేలలోని తేమ కొలవడానికి పంపారు. నేల తనంతట తాను చాలా సన్నగా రేడియో అలలను వెలువరిస్తుంది. తడి నేల తక్కువగా, పొడి నేల ఎక్కువగా వెలువరిస్తుంది. ఉపగ్రహం ఆ తేడాను పట్టుకొంటుంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి మన ఇస్రో, అమెరికా నాసా కలిసి నిసార్ ఉపగ్రహాన్ని ఎగురవేశాయి. అది తానే రెండు రకాల రేడియో అలలను నేల మీదికి పంపి, తిరిగి వచ్చేవాటిని కొలుస్తుంది. అయితే ఉపగ్రహం ఎంత గొప్పదైనా తేమ చూచేది పైన అయిదారు సెంటీమీటర్ల మట్టిలోనే. జిల్లాకు కరవు వస్తున్నదా అని అది చెప్పగలదు. మీ వేరుశనగ వేరు దగ్గర ఏమున్నదో చెప్పవలసినది మీ పొలంలోని కడ్డీలే, మీ చేతిలోని మట్టే.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. పరికరం ప్రతి రైతూ కొనాలని చెప్పవద్దు. ఒక ఊరిలో ఒకే రకం నేల, ఒకే పంట ఉన్న పది పన్నెండు మంది కలిసి ఒకటి పెట్టుకొంటే సరిపోతుంది. అందరికీ నడుమనున్న పొలంలో పెట్టి, రోజూ ఉదయం ఒకే వేళకు అంకె చూచి, పంచాయతీ అరుగు మీద పలక పెట్టి రాయించండి. పక్కనే ఆ నేలకు నిండు హద్దు ఎంత, వాడు హద్దు ఎంత, తడి పెట్టవలసిన అంకె ఎంత అన్నవి మూడూ రాయండి. ఆ మూడూ లేని అంకె ఎవరికీ ఉపయోగపడదు. ఆరు వారాలు రాసి చూడండి. పైరు ఎన్ని రోజులకు ఎంత నీరు తాగుతుందో రైతులకే కంఠతా వస్తుంది. అప్పుడు పరికరం చెడిపోయినా వారి లెక్క చెడదు.

సోదరులారా, అదనూ పదునూ తెలిసినవాడినే మన పల్లెలు మంచి రైతని మెచ్చుకొంటాయి. అదనుకు పంచాంగాన్ని, వాతావరణ సూచనను చూస్తున్నాం. పదునుకు ఈ కొలతను చూడండి. తడి పెట్టబోయే ముందు ఒక్కసారి జానెడు లోతు మట్టి ఏమంటున్నదో అడగండి. చాలునని అది అంటే, మోటారు స్విచ్చి మీది చెయ్యి తీసివేయండి.